మొదటి ముద్ద

సోమిదేవమ్మగారి చేతి వంట తినని మనిషి కాకినాడలో ఆ వీధి మొత్తానికి లేడు. ఆ వంట రుచి తెలియని మనిషి మాత్రం ఒక్కరుండేవారు. ఆ ఒక్కరూ సోమిదేవమ్మగారే.

వినడానికి వింతగా ఉన్నా ఇందులో మాయేమీ లేదు. మడి కట్టుకుని వండే ఇల్లది. దేవుడికి నైవేద్యం కాకుండా గరిటె నాలుక్కి తగలడానికి వీల్లేదు. నైవేద్యమయ్యాక ఇంటాయన, ఆ తరవాత చుట్టుపక్కల పిల్లలు, ఆ తరవాత వేళకి వచ్చిన చుట్టాలు. ఆవిడ కూర్చునేసరికి కూరగిన్నె అడుగు కనబడుతూ ఉండేది. పైగా పొద్దుటి నుంచీ పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి వాసనతోనే సగం కడుపు నిండిపోతుంది. చల్లారిన అన్నంలో ఓ ఆవకాయ బద్ద, ఇన్ని మజ్జిగ, అంతే ఆవిడ భోజనం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫర్వాలేదంటారు. వడ్డించేదీ తనే, కడబంతీ తనదే అయినప్పుడు ఆ సామెత ఎందుకూ కొరగాదు.

మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలిసేదీ అంటే, మొగుడి మొహం చూసి.

పేరిశాస్త్రిగారు మునిసిపల్ స్కూల్లో డ్రాయింగు మాష్టారుగా చేసి రిటైరయ్యారు. మాట పొదుపు. ఆయన ఔపోసన పట్టి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే, ఆవిడ వంటింటి గుమ్మానికి ఆనుకుని గరిటె పట్టుకుని నిలబడేది. ఉప్పు తక్కువైతే ఆయన ఎడమచేతి వేలు పీట మీద టకటకా తట్టేది. పులుపెక్కువైతే ఓ కన్ను చికిలించేవారు. అన్నీ కుదిరితే రెండు కళ్లూ మూసుకునేవారు. ఒక్క క్షణం. అది చూశాక ఆవిడ గుమ్మం వదిలి లోపలికి వెళ్లేది. "బావుంది" అన్న మాట ఆ ఇంట్లో ఎన్నడూ వినబడలేదు. దాని అవసరం రాలేదు.

ఈ తతంగమంతా ప్రసూన చదువుకునే రోజుల నుంచీ చూసింది. సోమిదేవమ్మగారు ఆమె తల్లికి అక్క, అంటే దొడ్డమ్మ. ఆ దంపతులకి పిల్లల్లేరు. కాకినాడలో కాలేజీలో చేరిన ప్రసూన వాళ్లింట్లోనే ఉండి చదువుకుంది, వాళ్ల పీట మీదే తిని పెరిగింది. తరవాత అదే ఊళ్లో ఓ ఆహారపదార్థాల కంపెనీలో పరిశోధనశాలకి పెద్దయింది. జీతం పెరిగినా, జుట్టులో తెల్లవెంట్రుకలు వచ్చినా, మధ్యాహ్నం భోజనానికి మాత్రం దొడ్డమ్మ ఇంటికే వచ్చేది.

ఆ కంపెనీ అమ్మేవి వండుకోవడమే తరువాయిగా ఉండే కూరల పాకెట్లు. కిరాణా కొట్లలో ఫ్రిజ్ అద్దాల వెనక రంగురంగుల అట్టపెట్టెల్లో దొరికేవి. తరిగిన కూర ఒక సంచిలో, పోపు ఒక సంచిలో, చింతపండు గుజ్జు ఒక సంచిలో. నిజానికి పనసపొట్టు మాటకొస్తే ఇందులో కొత్తేముంది? పచ్చి పనసకాయ పొట్టు కొట్టడం ఇంట్లో అయ్యే పని కాదు గనక, బజారులో కత్తి పుచ్చుకు కూర్చున్న మనిషి ఏనాడో టకటకా కొట్టి పొట్లం కట్టి ఇచ్చేవాడు. కంపెనీ దానికి అట్టపెట్టె తొడిగింది, అంతే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఒకసారి కొన్నవాళ్లు రెండోసారి కొనేవాళ్లు కాదు. ఏం తక్కువైందండీ అని కొట్టు దగ్గర నిలబడి అడిగితే ఓ పెద్దావిడ, "అన్నీ ఉన్నాయమ్మా. చెయ్యి లేదు," అని చక్కా పోయింది. ఆ మాట ప్రసూనని నిద్రపోనివ్వలేదు.

చెయ్యి అంటే ఏమిటి? అవే దినుసులతో, అదే పొయ్యి మీద ఇద్దరు వండితే రెండు రుచులెందుకొస్తాయి? ఏది ఎంత వేగింది, ఏది ఎప్పుడు పడింది, ఏ ఘాటు దేన్ని మింగేసింది అన్నది కొలతలకి అందలేదు. కానీ తిన్నవాడి తలలో అదంతా అచ్చుపడి ఉంటుంది. ఆ అచ్చు చదవడానికే ప్రసూన, ఆమెతో పనిచేసే ఇంజనీరు ఫణీంద్ర కలిసి ఓ మిషను కట్టారు. తల మీద బోర్లించే టోపీ, దాని నిండా తీగలు. ఫణీంద్ర దానికి బూర్లమూకుడు అని పేరు పెట్టాడు. తింటున్న మనిషికి పాత రుచి గుర్తుకొస్తే మెదడులో లేచే అలల్ని అది పట్టుకునేది. ఆ అలల్నే మళ్లీ లేపగలిగే వాసనలూ ఘాటులూ కూర్చి చిటికెడు పొడి చేస్తే, అదే చెయ్యి. పాకెట్టులో ఆ పొడిది చిన్న నీలం పొట్లం.

మొదటి చెయ్యి ఎవరిదన్నప్పుడు ప్రసూనకి ఇంకో ఆలోచనే రాలేదు.

సోమిదేవమ్మగారు తను వండిన పనసపొట్టు కూర తనే కేరేజీలో పట్టుకుని, మొగుణ్ణి తోడు తీసుకుని ల్యాబుకి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఇదేవిటే, నా నెత్తి మీద మూకుడు బోర్లించావు? దించేస్తావా, బూర్లు వేస్తావా?"

"కదలకు దొడ్డమ్మా. కూర తింటూ, ఇది నువ్వెప్పుడెప్పుడు ఎలా తిన్నావో గుర్తుచేసుకో."

చల్లారి ఘాటు తగ్గిన కూర ఆవిడ ఓ ముద్ద తింది. తెర మీద గీత బల్లపరుపుగా సాగిపోయింది. రెండో ముద్దకీ అంతే. ఫణీంద్ర తీగలన్నీ లాగి మళ్లీ పెట్టాడు. మిషను పాడైందేమోనని టోపీ తను పెట్టుకుని గోంగూర పచ్చడి నాలిక్కి రాసుకుంటే, గీత ఎగిరెగిరి పడింది.

"నాకు ఈ కూర అంటే గుర్తొచ్చేవి వేరేనే," అంది దొడ్డమ్మ ఇబ్బందిగా. "ఆవ నూరినప్పుడు కళ్ల మంట, పొట్టు పిండినప్పుడు చేతికంటిన జిగురు. రుచంటావా? నా వంట సంగతి నాకేం తెలుసు, తిన్నవాళ్లని అడగాలి గానీ!"

ప్రసూన నెత్తి కొట్టుకుంది. మడి కట్టుకుని వండే ఇంట పెరిగి కూడా వండినావిడ నోట్లో రుచి వెతికింది! పెరటిచెట్టు మందుకి పనికిరాదన్నట్టు, తినే మనిషిని బయట బల్ల మీద కూర్చోబెట్టి మరీ వచ్చింది.

దొడ్డమ్మ చెయ్యి కడుక్కోవడానికి వెళ్లినప్పుడు పేరిశాస్త్రిగారు లోపలికొచ్చారు. సంగతంతా విన్నారు.

"నేను కూచుంటానమ్మా."

"కంగారుపడకండి పెద్దనాన్నగారూ," అంది ప్రసూన. "ఇందులో ఓ మెలిక ఉంది. చదవాలంటే ఆ జ్ఞాపకాన్ని మళ్లీ మళ్లీ నిద్రలేపాలి. లేచిన జ్ఞాపకం మళ్లీ పడుకునేటప్పుడు పాత చోటే పడుకుంటుందని లేదు. మా ల్యాబులో ఇద్దరు ముగ్గురికి ఊరగాయల మీద కొద్దిగా చదివి చూశాం. వాళ్లకి కొన్నాళ్లు ఆ రుచి చప్పబడి, తిరిగొచ్చింది. మీది మొత్తం చదవాలి. తిరిగి వస్తుందో రాదో నేను చెప్పలేను."

ఆయన కిటికీలోంచి, కొళాయి దగ్గరున్న ఆవిడ వైపు చూశారు.

"దాని చేతులు ఈమధ్య వణుకుతున్నాయి, చూశావా? మాకా పిల్లల్లేరు. ఆ చెయ్యి ఎవరికొస్తుంది? నేను పోతే నాతో పోతుంది, అది పోతే దాంతో పోతుంది. నీ మూకుట్లో పడితే పదిమంది నోళ్లలో ఉంటుంది కదా." టోపీ ఆయనే అందుకున్నారు. "దానికి మాత్రం చెప్పకు. వద్దంటుంది."

ప్రసూన ఆపి ఉండొచ్చు. కానీ ఆ చెయ్యి నిలబడాలని ఆయనకెంత ఉందో ఆమెకీ అంతే ఉంది.

మర్నాటి నుంచి ఆయన వాకింగుకని చెప్పి ల్యాబుకి వచ్చేవారు. దొడ్డమ్మ వండిన కూర ప్రసూన కేరేజీలో అడిగి తెచ్చేది. మొదటి ముద్దకే తెర మీద గీత జాతర్లో నెత్తికెత్తుకుని ఆడే గరగలాగా లేచింది. ఫణీంద్ర "అబ్బో!" అని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన కళ్లు మూసుకుని నెమ్మదిగా చెప్పుకుపోయారు.

"వాన... జగన్నాథపురంలో అద్దె గది. కొత్త కాపురం. ఇల్లు కారుతోంటే కంచాలూ తపేలాలూ కింద పెట్టాం. అన్నం తినడానికి కంచం లేదు. విస్తరాకులో వడ్డించింది. పనసపొట్టు, మొదటిసారి. నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను..." ఉన్నట్టుండి ఆయన నవ్వారు. బుజాలు కదిలేలా నవ్వారు.

"ఏమైంది పెద్దనాన్నగారూ?"

"చెప్పనమ్మా. అది మా ఇంటి సంగతి."

పొడి తయారయ్యాక మొదట రుచి చూసింది ప్రసూనే. ల్యాబులో, స్టీలు బల్ల మీద, పాకెట్టులోంచి తీసి వండిన కూర. ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆమెకి పరీక్షల రోజులు గుర్తొచ్చాయి. దీపం దగ్గర పుస్తకం, పక్కన మరచెంబుతో మంచినీళ్లు, "తిని చదువుకోవే" అన్న గొంతు. ఫణీంద్ర చూస్తున్నాడని కూడా లేకుండా ఏడ్చేసింది.

"సోమిదేవమ్మగారి పనసపొట్టు" అన్న పేరుతో పాకెట్లు కొట్లలోకి వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే పోయాయి. కొట్టువాళ్లు ఫ్రిజ్‌లో సర్దేలోపే అట్టపెట్టెలోంచే పట్టుకుపోయేవాళ్లు. ఓసారి ప్రసూన కొట్లో నిలబడి ఉంటే బట్టతలాయన ఒకాయన కొట్టువాడితో అంటున్నాడు:

"మా బామ్మ ఇలాగే చేసేదండీ, ఆయ్! ఆవిడ పోయాక మళ్లీ నిన్ననే తిన్నాను. మా ఆవిడతో చెప్పకండేం. తను చేసింది తినట్లేదని ఇప్పటికే మూతి ముడుచుకుంది."

ప్రసూన నవ్వుకుంటూ దొడ్డమ్మ ఇంటికి భోజనానికి వెళ్లింది. ఆ నవ్వు గుమ్మం దాటేదాకానే ఉంది.

పెద్దనాన్నగారు పీట మీద కూర్చున్నారు. దొడ్డమ్మ గరిటెతో గుమ్మంలో నిలబడింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, ఆవిడ వైపు తిరిగి మర్యాదగా, "బావుంది," అన్నారు.

దొడ్డమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ "బావుంది" చాలా రోజుల నుంచే నడుస్తోందని ప్రసూనకి తరవాత తెలిసింది. ఉప్పు వేయడం మరిచిపోయిన పప్పుకీ బావుందే, కుదిరిన పులుసుకీ బావుందే. పీట మీద వేలు తట్టడం లేదు. కన్ను చికిలించడం లేదు. ఎదురుగా అద్దంలేని మనిషి బొట్టు పెట్టుకున్నట్టయింది ఆవిడ వంట. ఒకరోజు ఉప్పు కషాయం, ఒకరోజు చప్పిడి. చేతికి నమ్మకం పోయింది. ఆవ పెట్టే కూరలు చేయడమే మానేసింది.

"ఆయనకి నా మీద మనసు విరిగిందే," అంది దొడ్డమ్మ, ప్రసూనని పెరట్లోకి తీసుకెళ్లి. "పరాయి ఇంట్లో భోజనానికొచ్చినట్టు బావుందంటున్నారు. నేనేం తప్పు చేశానో చెప్పనైనా చెప్పరు."

ఇక దాచడం ప్రసూన వల్ల కాలేదు. మూకుడు సంగతి, వాకింగు సంగతి అంతా చెప్పేసింది. ఆవిడ తిడుతుందనుకుంది. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నూతి పళ్లెం మీద కూలబడింది.

మర్నాడు ల్యాబులో పేరిశాస్త్రిగారికి మళ్లీ టోపీ పెట్టి చూశారు. పనసపొట్టుకే కాదు, పప్పుకీ చారుకీ కూడా గీత బల్లపరుపుగానే సాగింది. మిషను ఒక కూరని తీసుకోలేదు. చేతినే తీసుకుంది. ఆ పాకెట్టు కూరే ఆయనకి పెడితే అదీ అంతే.

"జరిగినవన్నీ గుర్తున్నాయమ్మా," అన్నారాయన. "వాన గుర్తుంది, విస్తరాకు గుర్తుంది. పాట మాటలున్నాయి, రాగం పోయింది." ఆపైన ప్రసూన కళ్లలో నీళ్లు చూసి, "నువ్వు ముందే చెప్పావుగా. తెలిసే కూచున్నాను. దాని చెయ్యి ఊరంతా తింటోంది, చాలదూ?" అన్నారు.

అది చాలదని ఆయన గొంతే చెప్పింది.

కంపెనీ వాళ్లు మాత్రం ఇంకా చేతులు కావాలన్నారు. ఏ ఊరి వంట ఆ ఊరికి, ఏ కులం వంట ఆ కులానికి. బూర్లమూకుడు ఇంకెవరి నెత్తికీ ఎక్కదని ప్రసూన తెగేసి చెప్పింది. ఫణీంద్ర ఇంటికెళ్లి వాళ్లమ్మ చేసిన గోంగూర మళ్లీ ఓసారి తిని చూసుకుని, ఊపిరి పీల్చుకుని, టోపీ తీగలు తనే కత్తిరించేశాడు.

అయితే పోయింది పోయినట్టే ఉంది. ఆలోచించగా ఆలోచించగా ప్రసూనకి ఒక్క దారి కనబడింది. ఆ రుచి ఆయన తలలో లేదు గానీ, కిరాణా కొట్లో ఉంది. ఓ పాకెట్టు కొనుక్కుని దొడ్డమ్మ ఇంటికి వెళ్లింది.

"పాకెట్టు కూర నా వంటింట్లోనా?" అంది దొడ్డమ్మ. "నేను చచ్చాక."

"నీ వంటింట్లోకి రాను. వసారాలో వండుతాను."

వసారాలో కరెంటు పొయ్యి పెట్టి, పొట్టు ఉడికించి, పిండి, పోపులో వేసి, దింపాక ఆవా నీలం పొట్లమూ కలిపింది. వేడన్నం వడ్డించి, పెద్దనాన్నగారి పీట మీద దొడ్డమ్మని కూర్చోబెట్టింది. ఆవిడ లేవబోయింది.

"కూచో దొడ్డమ్మా. ఇది నైవేద్యపు వంట కాదు, ఎవరికీ వడ్డించక్కర్లేదు. నువ్వే ముందు. వేడివేడిగా."

ఏం చెయ్యాలో తోచనట్టు ఆవిడ కంచం వైపు చూసింది. కలిపింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. పేరిశాస్త్రిగారు గుమ్మానికి ఆనుకుని నిలబడి ఆవిడ మొహమే చూస్తున్నారు.

ఆవిడ రెండు కళ్లూ గట్టిగా మూసుకుంది.

"ఏవండీ!" అంది కళ్లు తెరవకుండానే. "ఇంత ఆవేవిటండీ! ముక్కు అదిరిపోతోంది. ఇదా నేను పెట్టింది? ఇన్నేళ్లూ ఇదేనా?"

"ఇదే."

"మరి చెప్పరేం?"

"ఎక్కడ చెప్పనిచ్చావు? ఆ వానలో, మొదటిరోజు, ఘాటు నషాళానికి అంటి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఎదురుగా నువ్వు గరిటె పట్టుకుని వెలిగిపోతూ నిలబడ్డావు. కుదిరిందనుకున్నావు. ఆ మొహం చూసి ఎక్కువైందని ఎలా చెప్పను?"

ల్యాబులో ఆయన బుజాలు కదిలేలా ఎందుకు నవ్వారో ప్రసూనకి అప్పుడు తెలిసింది.

"పోనీ తరవాతైనా చెప్పచ్చుగా," అంది దొడ్డమ్మ, కళ్లనీళ్లు ఆవవో తనవో తెలియకుండా కారుతుంటే.

"తరవాత చెబితే తగ్గించేస్తావని భయం. అప్పటికి నాకు అదే నీ చెయ్యి అయిపోయింది."

ఆవిడ ఇంకో ముద్ద కలిపింది. మెల్లిగా, ఇంగువనీ అల్లాన్నీ పులుపునీ ఒకటొకటే పలకరిస్తున్నట్టు తింది. తను ఇన్నేళ్లు వండి పంపుతూ వచ్చిన ఊరికి ఇవాళే మొదటిసారి వచ్చినట్టుంది ఆవిడ వాలకం. కంచం ఖాళీ చేసింది.

"ఎలా ఉండేదో నాకు తెలిసింది," అంది చివరికి. "మీకు పోయింది."

"పోలేదే. నీ దగ్గరకొచ్చింది."

ఆ తరవాత వచ్చిన ద్వాదశి నాడు ప్రసూన భోజనానికి వెళ్లేసరికి వీధి గుమ్మంలోకే ఆవ ఘాటు వస్తోంది. లోపల రెండు పీటలు పక్కపక్కన వేసి ఉన్నాయి. ఆ ఇంట్లో అలా వేయడం ఆమె ఎన్నడూ చూడలేదు. దొడ్డమ్మ నైవేద్యం పెట్టి వచ్చి గరిటె ప్రసూన చేతికిచ్చింది.

"నువ్వు వడ్డించు. దేవుడు తిన్నాడు, ఇక నా వంతు. ఆయనకి నేను చూసి పెట్టాలి."

పేరిశాస్త్రిగారు కంచం ముందు కూర్చుని, చెయ్యి పెట్టకుండా పక్కకి తిరిగారు. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఎడమచేతి వేలితో పీట మీద టకటకా తట్టింది. ప్రసూన గబగబా ఉప్పు తెచ్చి కూరలో కలిపి మళ్లీ వడ్డించింది.

ఆవిడ రెండో ముద్ద తిని కళ్లు మూసుకుంది.

ఆ మొహం తనివితీరా చూసుకుని, పేరిశాస్త్రిగారు ఔపోసన పట్టి కలుపుకోవడం మొదలుపెట్టారు.